కోర్టు ఆర్డరు న్యూజెర్సీది, బాబు టెక్సస్‌లో, నేను నార్త్ కరోలినాలో. ఏ కోర్టుకి వెళ్ళాలి?

షార్లెట్_నాన్న
2021లో న్యూజెర్సీలో విడాకులయ్యాయి. బాబుకి అప్పుడు నాలుగేళ్ళు, ఇప్పుడు ఎనిమిది. 2023లో వాళ్ళమ్మకి టెక్సస్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. బాబుని తీసుకెళ్తానంటే అడ్డుపడలేదు, సంతకం పెట్టాను. అప్పుడు లాయర్లు రాసిన కాగితంలో నా సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, "తండ్రికి సముచితమైన సమయం ఇవ్వాలి" అని. ఎన్ని రోజులు, ఏ సెలవులు, టికెట్ ఎవరు కొనాలి, ఏమీ లేదు. మరుసటి ఏడాది ప్రాజెక్టు కోసం నేను నార్త్ కరోలినా వచ్చేశాను.

ఈ ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. బాబు పోషణకి నెలకి 1,450 డాలర్ల చైల్డ్ సపోర్ట్ జీతంలోంచే కట్ అయ్యేది. జీతమే లేనప్పుడు ఎక్కడ కట్ అవుతుంది? ఐదు నెలలు నా దగ్గరున్నదాంట్లోంచి నెలకి 500 చొప్పున ఆవిడకి ఫోన్‌లో పంపాను. జూలైలో మళ్ళీ ఉద్యోగం వచ్చింది కానీ జీతం మూడో వంతు తగ్గింది. ఇప్పుడు 1,450తో పాటు బకాయి కింద ఇంకో 200 కట్ అవుతోంది. బకాయి 7,250 అని చూపిస్తున్నారు. నేను పంపిన 2,500 లెక్కలోనే లేదు.

ఇదొక ఎత్తు, బాబుది ఇంకో ఎత్తు. మార్చిలో వస్తాడని వాడికి షూ కొని పెట్టాను. ఆ ట్రిప్పు క్యాన్సిల్, జ్వరం అన్నారు. జూన్‌ది కూడా క్యాన్సిల్, సమ్మర్ క్యాంప్ అన్నారు. ఆగస్టులో వచ్చాడు, నాలుగు రోజులకి. షూ తొడగబోతే మడమ లోపలికి పోలేదు. "పర్లేదు నాన్నా, పడుతుంది" అని వేళ్ళు ముడుచుకుని తోశాడు. అది నా కళ్ళముందునుంచి పోవడం లేదు.

నాలుగు లాయర్ ఆఫీసులకి ఫోన్ చేశాను. ఒకరు న్యూజెర్సీ అంటారు, ఒకరు టెక్సస్ అంటారు, ఒకరు ముందు 5,000 కట్టండి చూద్దాం అంటారు. డబ్బు తగ్గించమని అడగాలంటే ఏ కోర్టు? బాబుతో రోజులు రాయించుకోవాలంటే ఏ కోర్టు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు
నువ్వుండేది నార్త్ కరోలినాలో కదా బ్రో, అక్కడే ఫైల్ చెయ్యి. నీ జీతం అక్కడిది, నీ ఇల్లు అక్కడిది. ఇంకెక్కడికో ఎందుకు తిరగాలి?

పల్నాడు_పులి
పిల్లాణ్ణి పంపనప్పుడు డబ్బులెందుకన్నా? రెండు నెలలు ఆపు, వాళ్ళే దారికొస్తారు.

ఒహాయో_శ్రీను
పైన గోదారి_గట్టు చెప్పిన పనే నేను చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మా ఆర్డరు ఇల్లినాయిది. నేను ఒహాయో వచ్చాను, ఆవిడ మిషిగన్ వెళ్ళింది. నేనుండే కౌంటీలోనే తగ్గించమని పిటిషన్ వేశాను. లాయరు ఫీజు తీసుకున్నాడు, వాయిదా ఇచ్చారు, సూటు వేసుకుని వెళ్ళాను. జడ్జిగారు ఫైలు రెండు నిమిషాలు చూసి, ఈ కేసు మార్చే అధికారం నాకు లేదు అని కొట్టేశారు. ఆ నాలుగు నెలలూ పాత మొత్తమే కట్టాను. తొందరపడి ఎక్కడా వేయకు.

కాగితాల_అక్క
నేను లాయర్ని కాను. ఫ్యామిలీ లా ఆఫీసులో పదకొండేళ్ళుగా లాయర్ల కింద కేసు కాగితాలు చూసే పారలీగల్‌ని, ఎక్కువగా రెండు రాష్ట్రాల కేసులే చూస్తాను. సంతకం పెట్టే ముందు టెక్సస్ లైసెన్స్ ఉన్న లాయరుకి ఒక గంట డబ్బులిచ్చి చూపించుకోండి.

ముందు పల్నాడు_పులి గారికి. ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి. డబ్బు వేరు, పిల్లాడితో గడిపే సమయం వేరు. చట్టం రెండింటికీ ముడి పెట్టదు. పిల్లాణ్ణి పంపలేదని డబ్బు ఆపకూడదు, డబ్బు రాలేదని పిల్లాణ్ణి ఆపకూడదు. ఆపినవాళ్ళే కోర్టు ముందు దోషిగా నిలబడతారు. అయినా వీరికి జీతంలోంచే కట్ అవుతోంది, ఆపుదామన్నా ఆగదు.

ఇప్పుడు అసలు విషయం. చైల్డ్ సపోర్ట్‌కి యూఐఎఫ్ఎస్ఏ అని ఒక చట్టం, కస్టడీకి యూసీసీజేఈఏ అని ఇంకో చట్టం. రెండిటి రూల్సూ వేరు. మీకు ఫోన్‌లో వేర్వేరు జవాబులు రావడానికి కారణం అదే, ఎవరు దేని గురించి చెప్పారో మీకు చెప్పలేదు.

సపోర్ట్ సంగతి: ఆర్డరు ఇచ్చిన రాష్ట్రంలో తల్లో, తండ్రో, పిల్లాడో ఒక్కరైనా ఉన్నంతకాలం ఆ మొత్తాన్ని మార్చే హక్కు ఆ రాష్ట్రానిదే. మీ ముగ్గురూ న్యూజెర్సీ వదిలేశారు. ఇలాంటప్పుడు మార్పు కోరేవాళ్ళు అవతలి మనిషి ఉన్న రాష్ట్రానికి వెళ్ళాలి. మీరు తగ్గించమంటే టెక్సస్‌కి వెళ్ళాలి. ఆవిడ పెంచమంటే నార్త్ కరోలినాకి రావాలి. ఎవరూ సొంత ఊళ్ళో కూర్చుని అవతలివాళ్ళని లాగకూడదని అలా పెట్టారు. ఇద్దరూ ఒప్పుకుని రాసిస్తే వేరే ఏర్పాటు కుదురుతుంది.

కస్టడీ సంగతి: బాబు ఆరు నెలలకి పైగా టెక్సస్‌లో ఉన్నాడు కాబట్టి అదే వాడి హోమ్ స్టేట్, అంటే చట్టం లెక్కలో సొంత రాష్ట్రం. న్యూజెర్సీలో ఎవరూ మిగల్లేదు కాబట్టి టెక్సస్ కోర్టు ఆ ఆర్డరుని మార్చగలదు. అంటే మీ విషయంలో రెండు దారులూ టెక్సస్‌కే వెళ్తున్నాయి. చాలామందికి ఈ వీలు కూడా ఉండదు, డబ్బుకి ఒక రాష్ట్రం, పిల్లాడికి ఇంకో రాష్ట్రం తిరుగుతారు.

ముందు న్యూజెర్సీ ఆర్డరుని టెక్సస్‌లో రిజిస్టర్ చేయించాలి, అంటే అక్కడి కోర్టులో నమోదు. దాంతో పాటే మార్పుకి పిటిషన్ వేయొచ్చు.

షార్లెట్_నాన్న
అక్కా, రెండేళ్ళనుంచి నాకు ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. రెండు డౌట్లు. ప్రతి వాయిదాకీ నేను టెక్సస్ వెళ్ళాలా? రెండోది, తగ్గిస్తే ఫిబ్రవరినుంచి తగ్గిస్తారా?

కాగితాల_అక్క
మొదటిదానికి: సపోర్ట్ విషయంలో వేరే రాష్ట్రంవాళ్ళు స్వయంగా రావాల్సిందే అని కోర్టు పట్టుబట్టకూడదు. ఫోన్ మీదో వీడియో మీదో సాక్ష్యం చెప్పొచ్చని చట్టంలోనే ఉంది. కస్టడీ విషయంలో జడ్జిని బట్టి ఉంటుంది. ఒకటి రెండుసార్లు వెళ్ళడానికి సిద్ధంగా ఉండండి.

రెండోది చెప్పడానికి నాకు బాధగా ఉంది. తగ్గించరు. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం, బ్రాడ్లీ సవరణ అంటారు. గడువు దాటిన ప్రతి నెల సొమ్మూ ఆ రోజే తీర్పు ఇచ్చిన అప్పులాంటిది అవుతుంది. తర్వాత ఏ జడ్జీ దాన్ని వెనక్కి వెళ్ళి తగ్గించలేడు. మీరు పిటిషన్ వేసి ఆవిడకి నోటీసు అందిన తేదీనుంచే మార్పు. ఉద్యోగం పోయిన వారంలో ఫైల్ చేసి ఉంటే మార్చినుంచి లెక్క మారేది. ఇవాళ ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజులు పాత మొత్తమే.

షార్లెట్_నాన్న
ఉద్యోగం పోయినప్పుడు ముందు ఉద్యోగం వెతుక్కుందాం, తర్వాత కోర్టు చూద్దాం అనుకున్నాను. ఆ 7,250లో సగం నా అనుకోవడమే.

సన్నీవేల్_సుధ
ఇది ప్రతి ఐటీ వాడూ గోడ మీద రాసి పెట్టుకోవాలి. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు మనం రెజ్యుమె తీస్తాం, వీసా గడువు అరవై రోజులు లెక్కపెడతాం. కోర్టు గుర్తుకే రాదు. మా తమ్ముడిదీ ఇదే కథ.

ఫ్రిస్కో_అమ్మ
అందరూ తండ్రి వైపునుంచే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రాస్తున్నాను. షార్లెట్_నాన్న గారూ, మీ షూ సంగతి చదివి కళ్ళు తడయ్యాయి. నిజం. కానీ ఆ ఐదు నెలలు మీ బాబు ఉన్న ఇంటికి అద్దె తగ్గలేదు, ఆఫ్టర్‌స్కూల్ ఫీజు తగ్గలేదు. మీకు ఆ మిగతా 950 పంపడం ఎంత కష్టమో, వాళ్ళమ్మకి 950 తక్కువ రావడం అంతే కష్టం. ఆవిడతో ముందే ఒక మాట చెప్పారా, లేక 500 చూసుకుని ఆవిడే అర్థం చేసుకోవాలా?

నా మాజీ భర్త నాలుగేళ్ళలో మూడు రాష్ట్రాలు మారాడు. ఉద్యోగం మారిన ప్రతిసారీ రెండు మూడు నెలలు డబ్బు ఆగిపోయేది. ఫ్రిజ్ పక్కన ఒక నోటుబుక్ వేలాడదీశాను. అందులో ఎడమ వైపు రావాల్సింది, కుడి వైపు వచ్చింది. పాప చదవడం నేర్చుకున్నాక ఒకరోజు ఆ కుడి వైపు ఖాళీలు చూపించి "అమ్మా, ఇక్కడ రాయడం మర్చిపోయావు" అంది. ఆ రోజే పుస్తకం తీసి బీరువాలో పెట్టేశాను.

షార్లెట్_నాన్న
మీరన్నది నిజమే అండి. ఉద్యోగం పోయిందని ఆవిడకి ఒక్క మెసేజ్ పెట్టాను, "సిట్యుయేషన్ బాలేదు" అని. అంతకు మించి చెప్పలేకపోయాను. పరువు అనిపించింది. చెప్పి ఉండాల్సింది.

కాగితాల_అక్క
ఫ్రిస్కో_అమ్మ గారూ, అతను ఉద్యోగం మారగానే పట్టుకునే ఏర్పాటు ఉంది, వాడుకుంటున్నారా? 1996 చట్టంతో వచ్చింది. కొత్తవాళ్ళని తీసుకున్న ప్రతి కంపెనీ 20 రోజుల్లోపల రాష్ట్రానికి చెప్పాలి, అక్కడినుంచి దేశం మొత్తానికి ఉన్న జాబితాలోకి వెళ్తుంది. మీ కేసు చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీలో ఉంటే వాళ్ళకి తెలుస్తుంది. జీతంలోంచి కట్ చేయమనే ఆర్డరుని వేరే రాష్ట్రంలో ఉన్న కంపెనీకి నేరుగా పంపొచ్చు, దాని కోసం అక్కడి కోర్టులో రిజిస్టర్ చేయనక్కర్లేదు.

ఫ్రిస్కో_అమ్మ
మూడోసారినుంచి అదే చేశాం. ఆరు వారాల్లో మొదలైంది. ముందు రెండుసార్లూ నాకు ఎవరూ చెప్పలేదు, లాయరు మళ్ళీ కొత్త కేసు అని ఫీజు తీసుకున్నాడు.

తెనాలి_టు_టాంపా
రిజిస్టర్ చేయడం అంటే గుర్తొచ్చింది. మీరు రిజిస్టర్ చేసినా, అవతలివాళ్ళు చేసినా, నోటీసు వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 20 రోజులే టైమ్. నాకు నోటీసు వచ్చినప్పుడు ఇండియాలో ఉన్నాను, నాన్నగారి సంవత్సరీకం. తిరిగొచ్చేసరికి 20 రోజులు దాటిపోయాయి. అందులో బకాయి తప్పు వేశారు, నేను కట్టిన రెండు నెలలు లేవు. గడువు దాటింది కాబట్టి ఆ అంకె ఖాయమైపోయింది. సరిచేయించుకోవడానికి ఏడాది పట్టింది. పోస్ట్ బాక్సు చూసే మనిషిని పెట్టుకోకుండా ఊరు వెళ్ళకండి.

గోదారి_గట్టు
నా సలహా తప్పని ఒప్పుకుంటున్నా. షార్లెట్ అన్నా, సారీ. అక్కా, ఒక ప్రశ్న. ఆయన ఫోన్‌లో పంపిన 2,500 అంతేనా? పోయినట్టేనా?

కాగితాల_అక్క
పోయినట్టే అనను. రాష్ట్ర ఖాతా ద్వారా వెళ్ళని డబ్బుని లెక్కలోకి తీసుకోకపోవడం మామూలే, చాలాసార్లు బహుమతి అంటారు. ఐప్యాడ్ కొన్నాను, స్కూల్ ఫీజు కట్టాను, ఏదీ లెక్కకి రాదు. కానీ చైల్డ్ సపోర్ట్ కింద నాకు ఈ తేదీల్లో ఇంత ముట్టింది అని ఆవిడ సంతకం పెడితే క్రెడిట్ ఇస్తారు. స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తీసి పెట్టుకోండి. పంపినప్పుడు కింద ఏం రాశారు?

షార్లెట్_నాన్న
"బాబుకి" అని రాశాను, ఐదుసార్లూ.

కాగితాల_అక్క
ఏమీ రాయకపోవడం కంటే మేలు. ఇకమీదట ఒక్క డాలరు కూడా పక్కనుంచి పంపకండి. పంపాల్సి వస్తే నెల పేరు, "చైల్డ్ సపోర్ట్" అని రాయండి. ఇంకోటి, మీది గ్రీన్ కార్డా, సిటిజన్‌షిప్పా?

షార్లెట్_నాన్న
గ్రీన్ కార్డు. వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామని ఉంది.

కాగితాల_అక్క
అయితే ఆ బకాయిని ఊరికే వదలకండి. కావాలని పిల్లల పోషణ ఎగ్గొట్టినవాళ్ళకి సిటిజన్‌షిప్‌లో సత్ప్రవర్తన దగ్గర అడ్డం పడుతుంది. మీది కావాలని చేసింది కాదు, నెలనెలా కడుతున్నారు, ఆ కాగితాలే మీకు రక్ష. అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఇంకోటి: బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు, రెన్యువల్ చేయరు. అమ్మకి బాలేదని టికెట్ కొన్నాక ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

ఆస్టిన్_లెక్కలు
టెక్సస్ వెళ్ళే ముందు ఒక లెక్క చూసుకోండి. న్యూజెర్సీలో తల్లీ తండ్రీ ఇద్దరి ఆదాయం కలిపి, పిల్లాడికి ఇంత ఖర్చు అని తేల్చి, వాటాలు వేస్తారు. టెక్సస్‌లో అలా కాదు. కట్టే మనిషి ఆదాయమే చూస్తారు. ఒక్క పిల్లాడైతే నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరైతే 25. దీనికో పరిమితి ఉంది, 2025 సెప్టెంబరు 1నుంచి నెలకి 11,700 నికర ఆదాయం వరకే ఈ శాతం లెక్క, అంతకుముందు 9,200 ఉండేది.

ఆవిడ జీతం మీకంటే ఎక్కువైతే న్యూజెర్సీ పద్ధతే మీకు మేలు చేసేది. టెక్సస్‌లో ఆవిడ ఎంత సంపాదించినా మీ 20 శాతం మీదే. మీ ఇప్పటి జీతం ఎంత?

షార్లెట్_నాన్న
నెలకి ఎనిమిది వేలు, పన్నులకి ముందు.

ఆస్టిన్_లెక్కలు
ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, నార్త్ కరోలినా పన్ను తీసేస్తే సుమారు 6,000. అందులో 20 శాతం 1,200. బాబు హెల్త్ ఇన్సూరెన్స్ మీరు కడుతుంటే అదీ తీసేసి లెక్కేస్తారు, ఇంకాస్త తగ్గుతుంది. అంటే నెలకి 250 దాకా మిగులు. లాయరు ఫీజు ఏడాదిలో రాబట్టుకోవచ్చేమో కానీ పెద్ద లాభం అనుకోకండి. మీకు అసలు కావాల్సింది డబ్బు తగ్గడమా, రోజులు రాయించుకోవడమా, అది తేల్చుకోండి.

షార్లెట్_నాన్న
రోజులు. అందులో అనుమానం లేదు.

ఒహాయో_శ్రీను
ఆస్టిన్_లెక్కలు చెప్పని ఇంకో విషయం. మొత్తం మారుతుంది కానీ ఎన్నేళ్ళు కట్టాలనేది మారదు. అది మొదటి ఆర్డరు ఇచ్చిన రాష్ట్రం చట్టమే. టెక్సస్‌లో 18 నిండి హైస్కూల్ అయితే ఆగిపోతుంది. న్యూజెర్సీలో మామూలుగా 19, కాలేజీ లాంటి కారణాలుంటే 23 దాకా పొడిగించొచ్చు. ఆర్డరు టెక్సస్ వెళ్ళినా ఆ 19 దాని వెంటే వస్తుంది.

ఫ్రిస్కో_అమ్మ
అది మంచిదే కదండీ. కాలేజీకి వెళ్ళే పిల్లాడికి 18 నిండగానే ఆకలి ఆగిపోదు.

ఒహాయో_శ్రీను
నేను చెడ్డదనలేదు అక్కా. తెలియక లెక్క తప్పుతారని చెప్పాను. నేను తప్పాను.

కాగితాల_అక్క
ఇక రోజుల సంగతి. "సముచితమైన సమయం" అనే మాట కలిసిమెలిసి ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, గొడవ వచ్చిన రోజు దానికి విలువ ఉండదు. ఏ తేదీకి పంపలేదో చెప్పలేకపోతే కోర్టు దేన్ని అమలు చేస్తుంది? టెక్సస్‌లో తల్లిదండ్రుల మధ్య 100 మైళ్ళకి పైగా దూరం ఉంటే ఒక రెడీమేడ్ షెడ్యూలు ఉంది. ప్రతి ఏడాదీ స్ప్రింగ్ బ్రేక్, అంటే వసంతకాలపు బడి సెలవులు, దూరంగా ఉన్నవారిదే. వేసవిలో 42 రోజులు. ఏ తేదీలు కావాలో ఏప్రిల్ 1లోపల రాసి చెప్పాలి. కావాలంటే నెలకి ఒక వారాంతం, 14 రోజుల ముందు చెప్పి. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ ఏడాది విడిచి ఏడాది. జడ్జి తప్పకుండా ఇదే ఇస్తారని కాదు, కానీ మాట అక్కడినుంచి మొదలవుతుంది.

దానికి మీరు కలపాల్సినవి: టికెట్ ఎవరు కొనాలి, ఏ ఎయిర్‌పోర్టు, ఎన్నింటికి, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఏమిటి, జ్వరం వస్తే పోయిన రోజులు ఎప్పటికి మార్చాలి, వీడియో కాల్ ఏ టైమ్‌కి. టైమ్ రాసేటప్పుడు మీ ఈస్టర్న్ టైమా, బాబు ఉండేచోటి సెంట్రల్ టైమా అని తప్పకుండా రాయండి. ఆ ఒక్క గంట మీద గొడవలు చాలా చూశాను.

డల్లాస్_బామ్మర్ది
మా బావది ఇదే గొడవ. ఏడింటికి కాల్ అని రాసుకున్నారు. ఈయన ఏడింటికి చేస్తే అక్కడ ఆరు, పిల్ల ఈత క్లాసులో. ఆవిడ ఏడింటికి చేస్తే ఈయన దగ్గర ఎనిమిది, ఈయన షిఫ్టులో. ఇద్దరూ రైటే. ఆరు నెలలు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు.

పల్నాడు_పులి
అక్క చెప్పాక నేను అన్నది తప్పే అని తెలిసింది. కోపంలో అన్నాను. నాది కూడా రెండు రాష్ట్రాల కేసే, పాపని చూసి పదమూడు నెలలు. డబ్బు మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. అందుకే మంట.

కాగితాల_అక్క
పదమూడు నెలలా? మీ ఆర్డరులో తేదీలు రాసి ఉన్నాయా? ఉంటే పాప ఉన్న రాష్ట్రంలో దాన్ని రిజిస్టర్ చేయించి అమలు కోరండి. అమలుకి కొత్తగా కస్టడీ కేసు అక్కర్లేదు. వెళ్ళిన ప్రతిసారీ ఏం జరిగిందో తేదీ, టైమ్‌తో రాసి పెట్టుకోండి. పోయిన రోజులకి బదులు రోజులు అడగొచ్చు. నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

పల్నాడు_పులి
తేదీలు ఉన్నాయి అక్కా. ఇవాళే పెడతాను.

రెండు_ఇళ్ళ_పిల్లాడు
ఇలాంటి థ్రెడ్‌లలో పిల్లల మాట ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. నాకిప్పుడు 26. తొమ్మిదినుంచి పదిహేడు దాకా రెండు రాష్ట్రాల మధ్య తిరిగాను. మెడలో ఎయిర్‌లైన్ వాళ్ళ కవరు వేలాడుతుండేది, అందులో నా పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు. దిగగానే ఆ కవరు తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి, నాన్న దగ్గరికి నేను పార్సెల్‌లా వెళ్ళకూడదని.

ప్రయాణం నాకు కష్టంగా ఉండేది కాదు. విండో సీటు, జ్యూసు, బానే ఉండేది. కష్టం ఎక్కడంటే, బయల్దేరేటప్పుడు అమ్మ "నాన్నని ఆ నెల డబ్బులు అడుగు" అనేది. తిరిగొచ్చేటప్పుడు నాన్న "అమ్మ ఎవరితో మాట్లాడుతోంది" అనేవాడు. నేను రెండు చోట్లా మర్చిపోయానని చెప్పేవాణ్ణి. నిజంగా ఏదీ మర్చిపోలేదు.

అంకుల్, మీ బాబు షూలోకి వేళ్ళు ముడిచి తోశాడన్నారు కదా. వాడికి ఆ షూ సైజు తెలుసు. మీరు బాధపడకూడదని తోశాడు.

షార్లెట్_నాన్న
ఇది చదివి కారులోనే కూర్చుండిపోయాను. థ్యాంక్స్ తమ్ముడూ.

ఫ్రిస్కో_అమ్మ
బాబూ, నేనూ ఒకటి రెండుసార్లు పాప చేత అలా అడిగించాను. ఇంక చేయను.

హనుమకొండ_హేమ
కొంచెం పక్క ప్రశ్న. మా విడాకులు, పాప ఖర్చుల ఆర్డరు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టువి. ఆయన జార్జియాలో ఉన్నాడు, రూపాయి పంపడు. ఆ ఆర్డరు ఇక్కడ నడుస్తుందా?

కాగితాల_అక్క
వేరే రాష్ట్రం ఆర్డరులా నేరుగా నడవదు హేమా. అమెరికాకి ఇండియాతో పిల్లల పోషణ విషయంలో ఒప్పందం లేదు. కానీ జార్జియా కోర్టు మర్యాదపూర్వకంగా దాన్ని గుర్తించొచ్చు, లేదా అక్కడే కొత్తగా సపోర్ట్ అడగొచ్చు. కస్టడీకి మాత్రం ఇక్కడి చట్టం పరాయి దేశం ఆర్డరుని దాదాపు ఇంకో రాష్ట్రం ఆర్డరులాగే చూస్తుంది. మీది కొత్త థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది. ఆర్డరు తేదీ, ఆయనకి నోటీసు ఎలా అందిందో ముందు రాయండి.

సన్నీవేల్_సుధ
ఇండియా మాట వచ్చింది కాబట్టి: పదహారేళ్ళలోపు పిల్లలకి అమెరికన్ పాస్‌పోర్టు కావాలంటే మామూలుగా ఇద్దరి సమ్మతీ కావాలి. పిల్లని చెప్పకుండా తీసుకెళ్తారని భయం ఉంటే స్టేట్ డిపార్ట్‌మెంట్‌లో పిల్లల పాస్‌పోర్టు అలర్ట్‌కి పేరు ఇవ్వొచ్చు, ఎవరైనా అప్లై చేస్తే మీకు చెబుతారు. హేగ్ అపహరణ ఒప్పందంలో ఇండియా లేదు, వెళ్ళాక వెనక్కి రప్పించడం చాలా కష్టం. ముందు జాగ్రత్తే దారి.

షార్లెట్_నాన్న
అప్‌డేట్ ఇస్తానని అక్కకి మాటిచ్చాను. ఏడు వారాలైంది.

అక్క పంపిన లిస్టు ప్రకారం న్యూజెర్సీ ఆర్డరు సర్టిఫైడ్ కాపీలు తెప్పించి, టెక్సస్‌లో లాయరుని పెట్టుకుని, రిజిస్ట్రేషన్, సపోర్ట్, కస్టడీ మూడూ కలిపి వేశాం. నోటీసు ఇచ్చే ముందు రోజు రాత్రి ఆవిడకి నేనే ఫోన్ చేశాను. ఫ్రిస్కో_అమ్మ గారి మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. రేపు కాగితాలు వస్తాయి, నీ మీద కోపంతో కాదు, ఫిబ్రవరిలో నీకు సరిగ్గా చెప్పకపోవడం నా తప్పు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మార్చిలో వాడికి నిజంగానే జ్వరం, 103" అంది. జూన్ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మీడియేషన్, అంటే మధ్యవర్తి ముందు రాజీ మాటలు, వీడియోలోనే అయింది, నాలుగున్నర గంటలు. స్ప్రింగ్ బ్రేక్ ప్రతి ఏడాదీ నాది. వేసవి 42 రోజులు. టికెట్లు చెరి సగం. కాల్ ఆది, బుధ వారాల్లో సెంట్రల్ టైమ్ ఏడింటికి. నోటీసు అందిన తేదీనుంచి సపోర్ట్ 1,190. ఆ 2,500 ముట్టినట్టు సంతకం పెట్టింది. 7,250లో నెలనెలా కట్ అయింది పోను, ఈ 2,500 పోను మిగతా బకాయి నాదే, ఒక్క డాలరు తగ్గలేదు. నెలకి 200 చొప్పున కడతాను. ఈసారి థ్యాంక్స్‌గివింగ్ ఆవిడది. జడ్జి సంతకం జనవరిలో అన్నారు.

ఒహాయో_శ్రీను
నాలుగున్నర గంటల్లో తేలిందా! నాకు పదహారు నెలలు పట్టింది. సంతోషం.

కాగితాల_అక్క
సంతకం పెట్టిన ఆర్డరు చేతికి వచ్చేదాకా పాత షెడ్యూలే. జీతంలో కోత మారడానికి ఒకటి రెండు జీతాలు పడుతుంది, పే స్లిప్ చూసుకోండి. ఏప్రిల్ 1 ఫోన్‌లో పెట్టుకోండి.

షార్లెట్_నాన్న
పెట్టుకున్నాను అక్కా, మార్చి 15కి ఒకటి, 25కి ఒకటి. ఇంకొకటి. నిన్న ఆవిడని వాడి షూ సైజు అడిగాను. నంబరు పంపలేదు, ఫోటో పంపింది. తెల్లకాగితం మీద వాడి పాదం పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసింది. పక్కన వాడు సొంత రాతతో రాశాడు, "కొంచెం పెద్దది కొను నాన్నా, స్ప్రింగ్ బ్రేక్‌కి పెరుగుతాను" అని.